అత్తని నిలబెట్టిన వీధి

మా ఊరి పేరు చెప్పను. ఇందులో వచ్చే మనుషులందరూ ఇంకా ఆ ఒక్క వీధిలోనే ఉన్నారు, నేనూ వాళ్ళ మధ్యే ఉన్నాను. ఒడిశాలో రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే రైలు కొండ ఎక్కుతూ ఎక్కుతూ ఆగే చిన్న ఊళ్ళలో ఒకటి అనుకుంటే చాలు. మునిసిపాలిటీ అనిపించుకునేంత పెద్దది కాదు. దానికి ఒక మెట్టు కిందది, ఎన్.ఏ.సి. అంటారు. వార్డులు, కౌన్సిలర్లు, ఛైర్మను మాత్రం అన్నీ ఉంటాయి.

మా తాతల కాలంలో పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి ఊరు ఊడవడానికి కొన్ని కుటుంబాలని తీసుకొచ్చారు. వాళ్ళు రైలుకట్ట దిగువన గుడిసెలు వేసుకున్నారు. అవి రేకుల ఇళ్ళయ్యాయి, ఒకటో రెండో డాబాలయ్యాయి. ఊరివాళ్ళు దాన్ని తెలుగు వీధి అంటారు. మా నాన్న అక్కడి నుంచే రోజూ చీపురూ బండీ పట్టుకుని వెళ్ళి రిటైరయ్యాడు. నన్ను ఒడియా బడిలో ఇంటర్ దాకా చదివించాడు. పెళ్ళి కూడా అదే వీధిలో అయింది. మా ఆయన దామంజోడిలో కాంట్రాక్టు మీద కరెంటు పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. నేను ఇంట్లో బట్టలు కుడతాను.

ఎన్నికలొస్తే మా ఊళ్ళో ఎవరు ఎటు వేస్తారో చెప్పడం ఎవరికీ కష్టం కాదు. బజారు షావుకార్లు గెలిచేవాడెవడో ముందే పసిగట్టి వాడి వెనక నిలబడతారు. రైల్వే క్వార్టర్లవాళ్ళు ఢిల్లీని చూసి వేస్తారు. బదిలీల మీద వచ్చి పోయేవాళ్ళు, ఊరి కాలవలతో వాళ్ళకి పనిలేదు. కొండవారన తరతరాలుగా ఉన్న ఇక్కడి మనుషులు, దేశియావాళ్ళు, తాతముత్తాతల నుంచి పాత పార్టీనే పట్టుకుని ఉన్నారు. ఆ పార్టీ వాళ్ళని వదిలేసి చాలా ఏళ్ళయినా వాళ్ళు దాన్ని వదల్లేదు. ఇక మాది మూట. తెలుగు వీధి మూట ఎటు పడుతుందని బజార్లో అడుగుతారు. ఆ మూట ఎప్పుడూ ఎన్.ఏ.సి. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే పడేది. ఊడ్చే పని వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి మాకు అందులో ఆలోచించాల్సింది ఏమీ కనపడేది కాదు.

వీధికి ఒక పెద్ద ఉండేవాడు. చెత్త ట్రాక్టరు నడిపి రిటైరైన మనిషి, నాకు పెదనాన్న వరస. పార్టీవాళ్ళు ఆయన్నే పిలిచి మాట్లాడేవాళ్ళు. ఆయన వచ్చి అమ్మవారి గుడి ముందున్న సిమెంటు గట్టు మీద కూర్చుని ఈసారి ఇటు అనేవాడు. అంతే, అందరం అటే. నేను ఓటు వచ్చిన కొత్తలో ఎందుకని అడిగితే, ఎందుకనేది పెద్దవాళ్ళకి తెలుసులే అని మా అమ్మ నోరు మూయించింది.

అలాగని మావాళ్ళకి రాజకీయాలంటే తెలియదనుకుంటే పొరపాటు. సాయంత్రమైతే ప్రతి ఇంట్లోనూ తెలుగు ఛానెళ్ళు మోగుతుంటాయి. విజయవాడలో ఎవరు ఎవర్ని ఏమన్నారో, ఏ మంత్రి ఏ పార్టీ మారాడో మావాళ్ళకి నోటి చివర ఉంటుంది. కుర్రాళ్ళు రెండు జట్లుగా విడిపోయి అక్కడి నాయకుల కోసం ఇక్కడ ఒకరితో ఒకరు మాటలు మానేసిన రోజులున్నాయి. అక్కడ ఫలితాలొచ్చిన రోజున మా వీధిలో టపాకాయలు పేలతాయి. మా జిల్లాకి ఇన్‌ఛార్జి మంత్రి ఎవరో అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు. ఇష్టమున్న చోట ఓటు లేదు, ఓటున్న చోట ఇష్టం లేదు. మా ఆయన మా పెళ్ళయిన కొత్తలో ఈ మాట అంటే నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు.

మూట విప్పుదామన్న ఆలోచన ఒక ప్రమాదం వల్ల వచ్చింది.

మా వీధి కోడలు ఒకామె, నాకు వదిన వరస, చెత్త ట్రాక్టరు మీద పనిచేసేది. ఒకరోజు పొద్దున్న డిపో రోడ్డులో ట్రాక్టరు గోతిలో పడి ఎగిరితే వెనక నిలబడి ఉన్న ఆమె కింద పడింది. తుంటి విరిగింది. కొరాపుట్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేశారు, బతికింది, కానీ సరిగా నిలబడలేకపోయింది. పని కాంట్రాక్టరుది. ఆ రోజు ఆమె డ్యూటీలో లేదనీ, ట్రాక్టరు మీద ఊరికే ఎక్కిందనీ కాంట్రాక్టరు మనిషి చెప్పాడు. చెత్త ట్రాక్టరు మీద ఊరికే ఎవరు ఎక్కుతారు? మేం గెలిపించిన కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళితే భువనేశ్వర్‌లో ఉన్నాడన్నారు. మర్నాడు మావాళ్ళు ఆయన్ని బజార్లో పాన్ కొట్టు దగ్గర చూశారు.

ఆ తర్వాత కొన్ని నెలలకే ఎన్.ఏ.సి. ఎన్నికలు వచ్చాయి. రిజర్వేషన్‌లో మా వార్డు ఆడవాళ్ళకి పడింది. గుడి గట్టు దగ్గర మీటింగు పెట్టారు. ఎప్పుడూ పెదనాన్న ఒక్కడే మాట్లాడేవాడు, ఆ రోజు అందరూ మాట్లాడారు. ఆడవాళ్ళు కూడా కొంగులు బిగించి మాట్లాడారు. ఇన్నాళ్ళూ మోసిన మూట ఎవరి గుమ్మంలో దించామో చూశాం కదా అన్నారు. చివరికి పెదనాన్న గొంతు సవరించుకుని, "ఈపాలి ఒకులికి ఏసేదేటి, మన మనిసినే నిలబెడదాం," అన్నాడు. అందరి కళ్ళూ మా అత్త మీద పడ్డాయి.

అత్త మా నాన్న చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. బజారు బీటు ఊడ్చేది. వీధిలో కాన్పు వచ్చినా, చావు వచ్చినా, మొగుడూ పెళ్ళాం కొట్టుకున్నా అత్తే ఉండాలి. వదినని ఆసుపత్రిలో పెట్టినన్నాళ్ళూ కొరాపుట్‌లో కింద చాప వేసుకుని పడుకున్నది అత్తే. ఆవిడ తన పేరు వినగానే లేచి వెళ్ళిపోబోయింది. "నాకు సదువా సంధ్యా. నన్నొగ్గీండి," అంది. వాళ్ళు వదల్లేదు. చివరికి వదిన మొగుడు లేచి, మా ఇంటిదాని కోసమైనా నిలబడమని చేతులు పట్టుకున్నాడు. అత్త ఆ చేతులు విడిపించుకోలేకపోయింది.

వీధిలో ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చినదాన్ని నేనే. నామినేషన్ పనులన్నీ నా మీద పడ్డాయి. అత్తకి బీరువా గుర్తు వచ్చింది. మా వీధిలో సగం ఇళ్ళలో బీరువా లేదని నవ్వుకున్నాం. నేను పాత అట్టల మీద రంగుతో బీరువాలు గీశాను. పిల్లలు వాటిని చూసి ఫ్రిజ్ అనుకున్నారు. ఆ పదిహేను ఇరవై రోజులు మా వీధి పండగ చూసినట్టుంది. అత్త తెల్లవారకముందే బజారు ఊడ్చి వచ్చి, స్నానం చేసి, నీలం చీర కట్టుకుని, తాను పొద్దున్న ఊడ్చిన అదే బజారులోకి ఓట్లడగడానికి వెళ్ళేది. వెనక మేం పదిమందిమి.

షావుకార్లు మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమని స్టూలు వేశారు. కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు. ఇప్పుడు అందరికీ కాగితం కప్పులే కాబట్టి ఎవరి మనసులో ఏముందో కప్పుని బట్టి తెలియదు. ఒకాయన మాత్రం, నువ్వు కౌన్సిలర్ అయిపోతే మా కొట్టు ముందు ఎవరు ఊడుస్తారని సరదాగా అడిగాడు. అత్త కూడా సరదాగానే, గెలిచినా ఊడుస్తాను బాబూ అంది. బయటికి వచ్చి పక్క కొట్టు మెట్టెక్కింది.

ఛైర్మన్ పార్టీ తరఫున నిలబడింది ఒక షావుకారు కోడలు. ఆమె ఇల్లు దాటి రాలేదు. మాట్లాడేది అంతా ఆమె మొగుడు. అతను మా వీధికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టాడు, అత్తకి కూడా పెట్టాడు. తెలుగు కొంచెం వచ్చు అతనికి. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగకుండా వెళ్ళిపోతుంటే మాకు ధైర్యం వచ్చింది.

పోలింగు ఇంకా కొద్ది రోజులుందనగా కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు వీధిలోకి వచ్చాడు. మీటింగు పెట్టలేదు, కేకలు వేయలేదు. ఒక్కొక్క ఇంటి ముందు బండి ఆపి, క్షేమం అడిగి, నీళ్ళు తాగి వెళ్ళాడు. మా ఇంటికీ వచ్చాడు, మా మరిది అదే కాంట్రాక్టరు కింద పంపు హౌసులో పని చేస్తాడు కాబట్టి. అతను ఒడియాలో మెత్తగా చెప్పిన మాట ఇది. ఎవరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు, అది మీ హక్కు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో మాత్రం అందరికీ తెలుస్తుంది. మీ వీధికి బూత్ ఒక్కటే కదా. కాంట్రాక్టు కొత్త సంవత్సరానికి మళ్ళీ రాయాలి, ఎవరిని ఉంచాలో ఎవరిని తీయాలో పైవాళ్ళు అడుగుతారు, నేనేం చెప్పాలో నాకే తెలియడం లేదు. అంతే అన్నాడు. మా మరిది "ఆజ్ఞా" అన్నాడు. ఒడియాలో పెద్దవాళ్ళకి అవునండీ అని చెప్పే మాట అది. మేమంతా ఆఫీసుల్లో ముందుగా నేర్చుకునే మాట కూడా అదే.

నేను వెంటనే వెళ్ళి పెదనాన్నతో చెప్పాను. సూపర్‌వైజరు తన ఇంటికీ వచ్చాడని ఆయన చెప్పాడు, ఆయన కొడుకు కూడా కాంట్రాక్టులోనే ఉన్నాడు. ఏం చేద్దామని అడిగితే, "అందరం ఒకే మాట మీదుంటే అందర్నీ ఏటి తీసీగలడు," అన్నాడు. అది నిజమే. అందరినీ తీసేస్తే ఊరు కంపు కొడుతుంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

పోలింగు ముందు రోజు సాయంత్రం అత్త వాకిలి నిండా మనుషులు. ఆడవాళ్ళు ఉల్లిపాయలు ఒలుస్తూ, మగవాళ్ళు గోడకి ఆనుకుని కూర్చుని, రేపు ఎవరు ముందు వెళ్ళాలి, ముసలివాళ్ళని ఎవరు తీసుకెళ్ళాలి అని పంచుకున్నారు. ఓట్లు రెండు, ఒకటి ఛైర్మన్‌కి, ఒకటి వార్డుకి. ఛైర్మన్ ఓటు ఎప్పటిలాగే వేసేద్దాం, వార్డు ఓటు మాత్రం బీరువాకి అని పెదనాన్న తేల్చాడు. అలా అయితే పైవాళ్ళకీ కోపం రాదని అందరూ తలలూపారు. నాకు కూడా అది తెలివైన ఉపాయంలాగే కనిపించింది. అత్త అందరికీ పప్పూ అన్నం పెట్టింది. ఆ రోజు వాకిట్లో కూర్చున్నవాళ్ళ మొహాలు నాకు ఇప్పటికీ వరసగా కళ్ళముందు కనిపిస్తాయి.

మర్నాడు నేను అత్త తరఫున పోలింగ్ ఏజెంటుగా బూత్‌లో కూర్చున్నాను. ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి గది అది. గోడలకి ఒడియా అక్షరాలు, బొమ్మలు. వచ్చినవాళ్ళు మా వీధివాళ్ళేనా, వేరే ఎవరైనా దొంగ ఓటు వేస్తున్నారా అని చూడటం నా పని. అట్ట పెట్టె వెనక మెషిన్లు. మనిషి తల, భుజాలు మాత్రం కనిపిస్తాయి. మీట నొక్కగానే కూత వినిపిస్తుంది, రెండు ఓట్లకి రెండుసార్లు.

మొదట్లో వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వుతూ లోపలికి వెళ్ళారు, నవ్వుతూ వచ్చారు. ఎండ ఎక్కేకొద్దీ నేను ఒక సంగతి గమనించడం మొదలుపెట్టాను. లోపలికి వెళ్ళేటప్పుడు నా వైపు చూసినవాళ్ళలో కొందరు బయటికి వచ్చేటప్పుడు చూడటం లేదు. కొందరు మరీ ఎక్కువగా చూస్తున్నారు, తల ఊపుతున్నారు. ఒకామె వేలి మీద సిరా నాకు చూపించి మరీ వెళ్ళింది. అన్నీ నా అనుమానాలేనని సర్దుకున్నాను. ఓటేసిన మనిషి ఎటు చూడాలని ఏ చట్టంలో ఉంది?

మధ్యాహ్నం వదిన వచ్చింది. అంతవరకూ ఆమెని తీసుకురావడానికి మావాళ్ళు కుర్చీ సిద్ధం చేస్తున్నారనే అనుకున్నాను. గేటు బయట ఆటో ఆగింది. అది ఛైర్మన్ పార్టీవాళ్ళు ముసలివాళ్ళ కోసం పెట్టిన ఆటో. ఆమె మొగుడు ఆమెని ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. ఏజెంట్ల బల్ల దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి దించాడు. ఆమె నా వైపు చూసి, "నా జాకెట్టు కుట్టీసేవేటి అమ్మి?" అని అడిగింది. ఆసుపత్రికి ముందెప్పుడో ఇచ్చిన జాకెట్టు గుడ్డ అది.

"కుట్టేశాను వదినా, రేపు తెచ్చిస్తాను," అన్నాను.

మొగుడు ఆమెని మెషిన్ దాకా మోసుకెళ్ళాడు. తోడు వెళ్ళడానికి ఆఫీసరు ఒప్పుకున్నాడు. రెండు కూతలు వినిపించాయి. ఎవరి వేలు నొక్కిందో నాకు తెలియదు.

మా ఆయన దామంజోడి నుంచి బస్సులో వచ్చి ఆఖరి గంటలో ఓటేశాడు. ఇంటికి వచ్చాక అన్నం తింటూ, నేను అత్తకే వేశానన్నాడు. నేను అడగలేదు. అడగకుండా ఎందుకు చెప్పాడా అని ఆ రోజు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. తమ్ముడి పంపు హౌసు పని సంగతి ఆయనకీ ఉంది కదా. ఆయన నిజమే చెప్పి ఉండొచ్చు. నిజం చెప్పినా అది నిజమని తెలుసుకునే దారి నాకు లేదు.

లెక్కింపు రోజున కాలేజీ హాల్లో మా వార్డు బల్ల ముందు నిలబడ్డాను. మా బూత్ మెషిన్ తీసి మీట నొక్కారు. ఒక్కొక్క అభ్యర్థికి పడ్డ ఓట్లు మెషిన్ మీద వెలుగుతూ వచ్చాయి. అత్త పేరు దగ్గర నలభై కూడా లేదు. తప్పు చదివానేమోనని ఆఫీసరుని మళ్ళీ చూపించమన్నాను. ఆయన విసుక్కోకుండా మళ్ళీ నొక్కాడు. అదే అంకె. పోలింగు ముందు రోజు సాయంత్రం అత్త వాకిట్లో అన్నం తిన్నవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ మంది.

అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే. ఎవరూ అత్త ఓడిపోవాలని వేయలేదు. నా ఒక్క ఓటు పోతే ఏమవుతుంది, మిగతా అందరూ వేస్తారు కదా, పైవాళ్ళకి చూపించడానికి కొన్ని ఓట్లుండాలి కదా, ఆ కొన్నీ మా ఇంటివే అవనీ అని ఒక్కొక్క ఇల్లూ విడివిడిగా అనుకుంది. ఇంటింటా అదే ఆలోచన. ఎవరికి వారు అత్తని పక్కింటివాళ్ళకి అప్పజెప్పారు. ఇది నా ఊహ. ఇంకోలా ఆలోచిస్తే ఆ వీధిలో బతకలేను కాబట్టి ఇదే నిజమని నమ్ముతున్నాను.

నేను వెళ్ళేసరికి అత్త కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. ఆ రోజు సెలవు పెట్టమంటే పెట్టలేదు, పొద్దున్న ఊడ్చే వచ్చింది. నా మొహం చూసి ఆవిడే, "పోయిందేటి?" అంది.

"పోయింది అత్తా."

ఎన్ని పడ్డాయని అడిగింది. చెప్పాను. ఆవిడ కుళాయి కట్టేసి, "మొత్తానికా, మన బూతులోనా?" అని అడిగింది. మన బూతులోనే అన్నాను. ఆవిడ నిండని బిందెని చంకన పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మిగతా బూతుల లెక్క అడగలేదు.

ఆ సాయంత్రం నుంచి ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు. ఒకళ్ళు చేపల కూర తెచ్చారు, ఒకళ్ళు జొన్నపొత్తులు తెచ్చారు. ప్రతివాళ్ళూ గుమ్మంలో నిలబడి, నేను నీకే వేశాను అన్నారు. అత్త ప్రతివాళ్ళకీ తెలుసమ్మా అంది. పెదనాన్న రాలేదు. మూడు నాలుగు రోజులు గట్టు మీదికి కూడా రాలేదు. ఆ తర్వాత వచ్చాడు, కానీ జనం చుట్టూ చేరడం తగ్గింది. గెలిచిన షావుకారు కోడలి తరఫున వీధికి మిఠాయి పొట్లాలు వచ్చాయి. అత్తకీ ఒకటి ఇచ్చారు. ఆవిడ తీసుకుని పిల్లలకి పంచేసింది.

 బూత్‌లో కూర్చున్నదాన్ని నేను. ఎవరు ఎలా వచ్చారో, ఎలా వెళ్ళారో నాకు గుర్తుంది. ఒకరోజు ఉండబట్టలేక, ఎవరెవరు మోసం చేశారో నేను చెప్పగలను అత్తా అన్నాను. ఆవిడ చేతిలో పని ఆపి నా వైపు చూసింది.

"నాకు సెప్పకు అమ్మి," అంది. "పొద్దున్న లేస్తే వాళ్ళతోనే నాకు పని. సెప్పీసేవంటే నాను వాళ్ళ పక్కన సీపురు పట్టుకోలేను."

అప్పటి నుంచి నేను ఎవరికీ చెప్పలేదు. అయినా నాకు తెలుసనుకున్నది కూడా నాకు నిజంగా తెలియదు. బయటికి వస్తూ నన్ను చూడనివాళ్ళు అత్తకే వేసి ఉండొచ్చు. వేలు చూపించినామె వేయకపోయి ఉండొచ్చు. ఈ ఆలోచనకి అంతు లేదు. బట్టలు కొలతలు తీసేటప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషి మొహంలో అదే వెతుకుతుంటాను. వాళ్ళకీ తెలుస్తుందేమో, కొందరు బజార్లో వేరే దర్జీ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు.

కాంట్రాక్టు మళ్ళీ రాసినప్పుడు అందరి పనులూ ఉన్నాయి. అత్త పని కూడా ఉంది. కాకపోతే బజారు బీటు తీసి చేపల మార్కెట్ కాలవలు ఇచ్చారు. ఇది శిక్ష కాదు, బీట్లు మారుతూ ఉంటాయని సూపర్‌వైజరు చెప్పాడు. నిజంగానే మారుతూ ఉంటాయి, అంతకు ముందూ మారాయి. కాబట్టి అడగడానికి నోరు లేకపోయింది. వీధంతా కలిసి వెళ్ళి అడుగుదామని నేనంటే, అంతా కలిసి అన్న మాట మళ్ళీ ఎవరి నోటి నుంచీ రాలేదు.

కొన్నాళ్ళకి వదిన మొగుడికి నీళ్ళ ట్యాంకరు నడిపే పని వచ్చింది. వదినకి చక్రాల కుర్చీ కూడా వచ్చింది. కౌన్సిలర్ మొగుడే స్వయంగా తెచ్చి ఫోటో తీయించుకుని ఇచ్చాడు. ఆ రోజు నాకు కోపం ఆగలేదు. ఎవరి కోసమైతే అత్తని లాక్కొచ్చి నిలబెట్టారో, ఎవరు చేతులు పట్టుకున్నారో వాళ్ళే అటు తిరిగారని అత్త దగ్గరికి వెళ్ళి నోటికొచ్చినట్టు మాట్లాడాను. అత్త అన్నం గంజి వారుస్తోంది. నన్ను మొత్తం మాట్లాడనిచ్చింది.

"ఆ పిల్ల నడవలేదు," అంది. "మొగుడికి పనైనా దొరికింది. నాను గెలిచుంటే కుర్సీ ఎక్కడినుంచి తెచ్చీదాన్ని? నా మాట ఎవులు ఇనీవోరు?"

 వదినకి తుంటి విరగడం వల్ల అత్త నిలబడింది, అత్త ఓడిపోవడం వల్ల వదినకి కుర్చీ వచ్చింది. ఇందులో ఎవరిని తిట్టాలి? రేపు తెస్తానన్న జాకెట్టు అన్నాళ్ళకి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు వదిన ఆ కుర్చీలో కూర్చుని ఉంది. కూలి ఎంతని అడిగింది. ఏమీ వద్దన్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 

ఆ తర్వాత రాష్ట్రం ఎన్నికలు వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా ఉన్న ప్రభుత్వం మారిపోతుందని టీవీలో, బస్సులో, జయపురం సంతలో, ఎక్కడ చూసినా అదే మాట. ఈసారి పార్టీలవాళ్ళు పెదనాన్న దగ్గరికి రాలేదు. వాళ్ళకి మూట అక్కర్లేదు. ఇంటింటికీ విడివిడిగా ఫోన్లు వచ్చాయి, విడివిడిగా మనుషులు వచ్చారు. ఆడవాళ్ళ గ్రూపులకి ఒకళ్ళు, కుర్రాళ్ళకి ఒకళ్ళు. పెదనాన్న అలవాటు కొద్దీ ఒక సాయంత్రం గట్టు దగ్గరికి పిలిచాడు. పది పదిహేను మందిమి వెళ్ళాం. ఏటి సేద్దాం అని ఆయన అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. చివరికి ఎవరిష్టం వాళ్ళదిలే అని ఆయనే అని, చేత్తో మోకాలు పట్టుకుని మెల్లగా లేచాడు. చదువుకున్నవాళ్ళు ఓటు అంటే అలాగే ఉండాలంటారు, ఎవరి ఇష్టం వాళ్ళదని. అది మా వీధికి వచ్చిన రోజున చావు ఇంట్లోంచి లేచి వెళ్ళినట్టు ఒక్కొక్కరం లేచి వెళ్ళిపోయాం.

ప్రభుత్వం మారింది. ఎన్.ఏ.సి.లో పాతవాళ్ళే ఉన్నారు, కానీ వాళ్ళలో సగం మంది కొత్త పార్టీ కండువా కప్పుకున్నారు. షావుకారు కోడలి మొగుడు కూడా కప్పుకున్నాడు. ఊడ్చే పని, నీళ్ళ పని రెండూ బయటి నుంచి వచ్చిన ఒక ఏజెన్సీకి ఇచ్చారు. వాళ్ళు మెషిన్లు తెచ్చారు, మనుషుల్ని తగ్గించారు. ట్యాంకరు పని పోయింది. పెదనాన్న కొడుకు పని పోయింది. వేలు చూపించినామె పని పోయింది. ఆ పనులు కాపాడుకోవడం కోసమే కదా అదంతా చేశారని అనాలనిపించింది, కానీ ఎవరితో అనను? అత్త పని మాత్రం ఉంది. చేపల మార్కెట్ కాలవల్లోకి మెషిన్ దిగదు.

రాష్ట్రం ఎన్నికల పోలింగు రోజున అత్తా నేనూ కలిసే వెళ్ళాం. అదే బడి, అదే గది. ఈసారి నేను ఏజెంటుని కాదు, వరసలో ముప్పై నలభై మంది వెనక నిలబడ్డాను. ఎండగా ఉంటే అత్త కొంగు నెత్తిన వేసుకుంది. వరస కదలడం లేదు. ముందున్నవాళ్ళలో మా వీధివాళ్ళు చాలామంది ఉన్నారు, అందరూ కరెంటు గురించీ ఎండ గురించీ మాట్లాడుకుంటున్నారు.

గుమ్మం దగ్గరకి వచ్చాక అత్త నా చెవి దగ్గరికి వంగి, "ఎవులికెయ్యాలో నువ్వే సెప్పు అమ్మి, సదువుకున్నావు కదా," అంది. చిన్నప్పటి నుంచి ఆవిడ నన్ను అడిగిన మొదటి సాయం అది. నేను ఆలోచించాను. ఒక్క పేరూ నా నోటికి రాలేదు. "నీ ఇష్టం అత్తా," అన్నాను. ఆవిడ సరేనని తల ఊపి లోపలికి వెళ్ళింది. కూత వినిపించింది. బయటికి వస్తూ నా వైపు చూడలేదు, మెట్లు చూసుకుంటూ దిగింది.

తర్వాత నేను వెళ్ళాను. అట్ట పెట్టె వెనక మెషిన్ ముందు నిలబడి పేర్లన్నీ పైనుంచి కిందికి చదివాను, మళ్ళీ కిందినుంచి పైకి చదివాను. ఎంతసేపైందో తెలియదు. బల్ల దగ్గరి ఆఫీసరు ఒడియాలో, అయిందా అని అడిగాడు. "ఆజ్ఞా," అన్నాను. చేతికి దగ్గరగా ఉన్న మీట నొక్కి బయటికి వచ్చేశాను.